శివారు మడి దాకా

ఎడిటర్ అనగానే పత్రికలకి రాసేవాళ్ళకి గుర్తొచ్చేది రచన అందిందని ఒక ముక్క రాసి, ఆ తర్వాత మూడు నెలలు పలకని మనిషి. నేను చెప్పబోయేది ఆ ఎడిటర్ సంగతి కాదు. కంప్యూటర్లో అక్షరాలు కొట్టి, దిద్ది, దాచుకోడానికి వాడే ఎడిటర్ గురించి. దాని పేరు ఈమాక్స్. 1976లో ఎమ్ఐటీలో, టెకో అనే అంతకు ముందున్న ఎడిటర్ మీద రాసిన కొన్ని మాక్రోల కట్టగా పుట్టింది. పేరు కూడా ‘ఎడిటింగ్ మాక్రోస్’ అన్న మాటల్లోంచి వచ్చిందే. ఇప్పుడు వాడుకలో ఉన్నది రిచర్డ్ స్టాల్మన్ 1985లో విడుదల చేసిన గ్నూ ఈమాక్స్ సంతతి. వయసులో నాకంటే పెద్దది.

దాన్ని గురించి ఇక్కడ రాయడమెందుకంటే, మా నాన్న ఒక పదకోశం తయారు చేస్తున్నారు, అది ఈమాక్స్‌లోనే తయారవుతోంది. నాన్న నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా కాలవగట్ల మీదే. కృష్ణా డెల్టాలో కాలవల పనికి సంబంధించిన మాటలు, లస్కర్లు వాడేవి, రైతులు వాడేవి, ఓవర్సీర్లు ఇంగ్లీషు నుంచి విరిచి తెచ్చుకున్నవి, పోగు చేస్తున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది. నాన్న దగ్గరున్న ప్రతికి అట్టలు లేవు. అందులో లేని మాట దొరికినరోజు ఆయనకి పండగ. ఇప్పటికి వెయ్యి పైన కార్డులయ్యాయి. కార్డంటే పోస్టుకార్డంత అట్టముక్క. మాట, అర్థం, విన్న ఊరు, చెప్పిన మనిషి, ఆ మనిషి చేసే పని. ఈ అయిదూ లేకపోతే కార్డు పెట్టెలోకి వెళ్ళదు.

ఆ కార్డుల్ని కంప్యూటర్లోకి ఎక్కించడం నా వంతు అనుకున్నాను గానీ నాన్న ఒప్పుకోలేదు. తన మాటలు తనే కొట్టుకుంటానన్నారు. వీవెన్‌గారి లేఖిని పుణ్యమా అని ఆయనకి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం ముందే వచ్చు. ఈమాక్స్‌లో తెలుగు కొట్టడానికి ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్ పద్ధతులు ఎప్పట్నుంచో ఉన్నాయి. ఆయన వేళ్ళకి అలవాటైంది మాత్రం రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్టీఎస్ దారి. కనక దానికో చిన్న కీబోర్డు పద్ధతి రాసిచ్చాను. ఈమాక్స్‌లో ఇలాంటివి ఎవరికి వాళ్ళు రాసుకోవచ్చు. అసలు అందులో రాసుకోలేనిది దాదాపు ఏమీ లేదు. సుఖమూ కష్టమూ రెండూ అక్కణ్ణించే వచ్చాయి.

*

ఈమాక్స్‌లో ఒక అమరికని మార్చడానికి ఎన్ని దారులున్నాయో చెప్తాను. మొదలయ్యేటప్పుడు చదువుకునే ఫైల్లో ఒక లిస్ప్ వాక్యం రాయచ్చు. 1997లో వచ్చిన 20వ వెర్షన్ నుంచి ‘కస్టమైజ్’ అనే తెరలున్నాయి, అక్కడ బొత్తాలు నొక్కి మార్చచ్చు. అలా మార్చినవాటిని ఈమాక్స్ తనంతట తనే అదే ఫైలు చివర రాసుకుంటుంది, వద్దంటే ఇంకో ఫైలు చూపించాలి. ఒక్కో రకం రాతకి ఒక్కో ‘మోడ్’ ఉంటుంది. ఆ మోడ్ తెరుచుకున్నప్పుడు నడిచే కొక్కేల్లో మార్చచ్చు. ఫోల్డరుకి ఒక అమరిక, ఫైలు చివర్లో ఇంకో అమరిక. ఇవన్నీ కాక, కంట్రోల్ మీట నొక్కి మౌసు చక్రం తిప్పితే అప్పటికప్పుడు అక్షరాలు పెద్దవవుతాయి. ఒకే విషయానికి ఆరేడు తూములు. ఏది ముందు ఎత్తారు, ఏది తరవాత దించారు అన్నదాన్నిబట్టి మడిలో నీళ్ళు.

అదీ ఒక్క యంత్రంలో. మాకున్నవి మూడు. విజయవాడ ఇంట్లో బల్ల మీదున్నది ఒకటి, నాన్న అవనిగడ్డ వైపు ఊళ్ళకి పట్టుకెళ్ళే లాప్‌టాప్ ఒకటి, హైదరాబాదులో నాది ఒకటి. తెలుగు సంగతులు వేరే. తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరం పక్కన చిన్నగా కనిపిస్తుంది, కనక తెలుగు ఫాంటుని మాత్రం కొంచెం సాగదీయాలి. ఒత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కనక వరసల మధ్య ఎడం పెంచాలి. దంత్య చ, జ లకి (ౘ, ౙ) యూనికోడ్‌లో 2008లో చోటు దొరికింది. నాన్నకి నచ్చిన ఫాంటులో ఆ రెండూ లేవు. ‘ౘవుడు’ అని కొడితే మొదటి అక్షరం స్థానంలో ఖాళీ డబ్బా. సముద్రం దగ్గరి భూముల గురించి రాస్తూ ౘవుడు అన్న మాట లేకుండా రాయడం ఎలా? ఆ రెండక్షరాలకే వేరే ఫాంటు వాడమని చెప్పాలి. ఈమాక్స్‌కి అలా చెప్పచ్చు, ఏ అక్షరానికి ఏ ఫాంటు అని విడివిడిగా. ఇంకో యంత్రంలో ఆ వేరే ఫాంటు ఉండకపోవచ్చు. అప్పుడు ఇంకోటి.

అందుకని అమరికలన్నీ ఒక్కచోట, ఒక్క పద్ధతిలో రాసే ఏర్పాటు ఒకటి కట్టాలనుకున్నాను. మొదలుపెట్టే ముందు నాన్నకి చెప్పాను. ఎడిటర్ నాది కాదు కదా, ఆయనది.

ఆయన అంతా విన్నారు.

“ఒకచోట పెడితే మంచిదేనమ్మా. కానీ పైన లాకులెత్తినవాడు అయిపోయిందనుకుంటాడు. నాగాయలంకలో శివారు మడికి అందిందో లేదో ఎవరు చూస్తారు?”

“చూసే ఏర్పాటు కూడా పెడతాను నాన్నా.”

“ఇంకోటి. లస్కరు రాత్రి తలుపు దించాడనుకో. ఎందుకు దించాడో పొద్దున వచ్చినవాడికి తెలియాలి. గండి పడి దించాడా, ఎవరో చెప్తే దించాడా?”

నా ఏర్పాటుకి స్పెసిఫికేషన్ అంటూ ఏదన్నా ఉంటే ఈ రెండు ప్రశ్నలే.

*

నాన్న పోలిక తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. విజయవాడ దగ్గర కృష్ణ మీద తొలి ఆనకట్ట 1855లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో కెప్టెన్ ఛార్లెస్ ఆర్ కట్టించాడు. 1952లో అది తెగిపోయింది. ఆ తర్వాత కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో వాడుకలోకి వచ్చింది. 70 గేట్లు. ఎడమ పక్క ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ ఊరి మధ్యనుంచే పోతాయి. కుడి పక్కన గుంటూరు వైపు కాలవలు. రెండు వైపులా కలిపి సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు. పెద్ద కాలవ నుంచి పిల్ల కాలవ, పిల్ల కాలవ నుంచి తూము, తూము నుంచి బోదె, బోదె నుంచి మడి. పైన ఎంత వదిలారన్నది లెక్క కట్టడం తేలిక, గేటు దగ్గర కొలిచే గుర్తులుంటాయి. కోడూరులోనో కృత్తివెన్నులోనో చివరి మడికి ఎంత చేరిందన్నది ఆ లెక్కలోంచి రాదు. మధ్యలో గుర్రపుడెక్క పెరిగి ఉండచ్చు, ఎవరో అడ్డుకట్ట వేసుకుని ఉండచ్చు, గట్టు జారి ఉండచ్చు. వెళ్ళి చూడాలి.

కంప్యూటర్లలో కూడా ఇదే. ఒక ఫైల్లో ‘అక్షరాల పరిమాణం 22’ అని రాసినంతమాత్రాన తెర మీద 22 ఉందని కాదు.

*

ఇక లిస్ప్ గురించి. 1958లో జాన్ మెకార్తీ ఎమ్ఐటీలో మొదలుపెట్టిన భాష. ఇప్పటికీ బతికున్న భాషల్లో ఫోర్‌ట్రాన్ తరవాత అంత పాతది ఇదే. బ్రాకెట్లు ఎక్కువని దీన్ని ఎగతాళి చేస్తారు. నిజానికి ఆ బ్రాకెట్లే దాని గొప్ప. లిస్ప్‌లో ప్రోగ్రామూ ఒక జాబితాయే, ప్రోగ్రాము చూసే సమాచారమూ ఒక జాబితాయే. కాబట్టి ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును చదివి, విప్పి, మార్చి రాయగలదు. 1963లో తిమొతీ హార్ట్ అనే ఆయన లిస్ప్‌లో మాక్రోలు పెట్టమని ఒక చిన్న మెమో రాశాడు. అప్పట్నుంచీ ఈ పనికి అదే పేరు.

మాక్రో అంటే ఏమిటో మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి చెప్పడానికి నాకు ఎప్పుడూ కొంచెం ఇబ్బందే. తెలుగు చదివినవాళ్ళకి చెప్పడం తేలిక. మాక్రో ఒక సమాసం. దాన్ని విప్పితే వచ్చేది విగ్రహవాక్యం. ‘కాలవగట్టు’ అంటాం, విప్పితే ‘కాలవ యొక్క గట్టు’. మాట్లాడేటప్పుడు సమాసం చాలు, అర్థం చెప్పాల్సి వచ్చినప్పుడు విగ్రహవాక్యం. లిస్ప్ కూడా మీరు రాసిన సమాసాన్ని ముందు విగ్రహవాక్యంగా విప్పుకుంటుంది, ఆ తరవాతే దాన్ని అమలు చేస్తుంది. కొన్ని మాక్రోలు బహువ్రీహులు. ‘ముక్కంటి’లో మూడు ఉంది, కన్ను ఉంది, శివుడు మాత్రం ఎక్కడా లేడు. విప్పినప్పుడే ‘కలవాడు’ అని బయటికొస్తాడు. అలాంటి మాక్రోలు చదవడానికి ముద్దుగా ఉంటాయి, తప్పు జరిగినప్పుడు వెతకడానికి నరకం. నేను వీలైనంతవరకు షష్ఠీ తత్పురుషలతోనే సరిపెట్టుకుంటాను.

ఫంక్షనుకీ మాక్రోకీ తేడా ఇక్కడే. ఫంక్షనుకి మీరేదిచ్చినా, దాని విలువ లెక్కకట్టి ఆ విలువ మాత్రమే లోపలికి పంపుతారు. మాక్రోకి మాట మాటగానే చేరుతుంది, ఇంకా ఎవరూ దాన్ని వండకముందే. అందువల్ల మాక్రో కొన్ని పనులు చేయగలదు. ఏ ఫైల్లో రాశారో గుర్తు పెట్టుకోగలదు. ఏదన్నా ముక్క లోపిస్తే ప్రోగ్రాము నడవకముందే, కంపైలు చేసేటప్పుడే, ఒప్పుకోనని చెప్పగలదు. లెక్కని ఇప్పుడు కట్టకుండా దాచి, వీలైనప్పుడు కట్టగలదు.

ఈ మూడోది ఫాంట్ల దగ్గర అక్కరకొచ్చింది. ఈమాక్స్‌ని కంప్యూటరు తెరవగానే వెనక నడిచేలా పెట్టి, కావలసినప్పుడు కిటికీ తెరుచుకోవచ్చు. అలా వెనక మొదలైనప్పుడు ఇంకా కిటికీయే లేదు. కిటికీ లేనప్పుడు ‘ఈ యంత్రంలో ఫలానా ఫాంటు ఉందా’ అని అడిగితే లేదనే చెబుతుంది. జవాబు తప్పు కాదు, అడిగిన వేళ తప్పు. కాబట్టి ప్రశ్నని ప్రశ్నగానే అట్టేపెట్టి, మొదటి కిటికీ తెరుచుకున్నాక అడగాలి.

ఈమాక్స్ లిస్ప్‌లో పేర్లు ఏ లిపిలోనైనా ఉండచ్చు. ఇది చాలామందికి తెలియని సుగుణం. కనక మాక్రో పేరు ‘అమరిక’ అనే పెట్టాను. దాని తీరు నాన్న కార్డు నుంచి ఎత్తుకొచ్చాను. మా ఫైల్లో ఒక అంశం ఇలా ఉంటుంది:

(అమరిక అక్షర-పరిమాణం
  :విలువ 18
  :ఎవరికి నాన్న
  :ఎక్కడ అన్ని-యంత్రాలు
  :ఎందుకు "సాయంత్రం దీపం కింద ఒత్తులు కలిసిపోతున్నాయి")

నాన్న కార్డులో మాట ఉన్న చోట ఇక్కడ అమరిక పేరు. అర్థం ఉన్న చోట విలువ. చెప్పిన మనిషి బదులు ఎవరికి, విన్న ఊరు బదులు ఎక్కడ. అయిదోది ‘ఎందుకు’. అది లేకపోతే మాక్రో విప్పుకోదు. ‘ఎందుకు రాయలేదు’ అని ఫైలు పేరుతో సహా చెప్పి ఆగిపోతుంది. ఖాళీ కొటేషన్లు పెట్టినా ఒప్పుకోదు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు కారణాలని వ్యాఖ్యల్లో రాస్తారు, లేదా రాస్తామనుకుంటారు. వ్యాఖ్యని యంత్రం చదవదు, కాబట్టి ఎవరూ చదవరు. కారణం వాక్యంలో భాగమైతే అది లేకుండా వాక్యం పూర్తి కాదు, కర్మ లేని సకర్మక క్రియలాగ.

మాక్రో లోపల మాత్రం ఎక్కువ పని పెట్టలేదు. అది ముక్కల్ని సరిచూసి, విలువని వండకుండా మూటగట్టి, ఒకే ఒక్క ఫంక్షనుకి అప్పజెప్తుంది. అసలు పనంతా ఆ ఫంక్షను చేస్తుంది. మాక్రోలు రాసేవాళ్ళకి నేను చెప్పగలిగేది ఇదొక్కటే. తలుపు సన్నగా, ఇల్లు విశాలంగా ఉండాలి. ఇల్లంతా తలుపులోనే కడితే తరవాత బాగుచేసేవాడికి లోపలికెళ్ళే దారుండదు. విలువ పెట్టడానికి కూడా పాత ‘సెట్‌క్యూ’ కాకుండా 2023లో 29వ వెర్షన్‌తో వచ్చిన ‘సెటాప్ట్’ వాడాను. ఈమాక్స్‌లో కొన్ని అమరికలకి, విలువ మారినప్పుడు చేయాల్సిన పని కూడా జతచేసి ఉంటుంది. సెట్‌క్యూ విలువని మార్చి ఊరుకుంటుంది, సెటాప్ట్ ఆ పని కూడా చేయిస్తుంది. గేటు మీది అంకె మార్చడం వేరు, గేటు ఎత్తడం వేరు.

*

ఎవరి మాట నెగ్గాలన్నది ఇంతకంటే కష్టమైన సంగతి. అన్నిటినీ ఒకచోటికి తేవడమంటే ఆ చోటు ఎవరి చేతిలో ఉందో వాళ్ళ చేతికి అధికారం రావడం. మా ఇంట్లో ఆ ఫైలు రాసేది నేను, వాడేది నాన్న. నేను హైదరాబాదులో కూర్చుని ఒక అంకె మారిస్తే, గిట్ ద్వారా రాత్రికి రాత్రి విజయవాడ చేరుతుంది. పొద్దున్నే ఆయన తెర మారిపోయి ఉంటుంది. ఆఫీసుల్లో ఇది రోజూ జరిగే పనే. ఎక్కడో ఎవరో ‘అందరికీ ఇదే బాగుంటుంది’ అనుకుంటారు. మనం సోమవారం పొద్దున యంత్రం తెరిచి బొత్తాలెక్కడికి పోయాయా అని వెతుక్కుంటాం.

వరస ఇలా పెట్టాను. అన్నిటికంటే కింద ఈమాక్స్ తనకు తానే పెట్టుకున్న విలువ. దాని మీద ఇద్దరికీ కలిపి రాసింది. దాని మీద ఆ యంత్రానికి రాసింది. దాని మీద ఆ మనిషికి రాసింది. అన్నిటికీ పైన, ఆ మనిషి అప్పటికప్పుడు తన చేత్తో చేసింది. నాన్న కంట్రోల్ నొక్కి చక్రం తిప్పి అక్షరాలు పెద్దవి చేసుకుంటే ఫైల్లో ఏమున్నా అదే నెగ్గుతుంది. రోజు చివర ఈమాక్స్ మూసేటప్పుడు ఒక ప్రశ్న వస్తుంది: ‘ఈ రోజు మీరు పరిమాణం మార్చారు. అలాగే ఉంచమంటారా? ఎందుకు?’ ఆయన తెలుగులో ఒక ముక్క కొడతారు. అది ఫైల్లో కొత్త అమరికగా, తారీకుతో చేరుతుంది. పాతది చెరిగిపోదు, దాని కింద ఉంటుంది.

విలువల్ని వరసలుగా పేర్చడం నా సొంత కల్పనేం కాదు. చాలామంది వాడే వీఎస్ కోడ్‌లో కూడా సహజమైన విలువ, మనిషి పెట్టుకున్నది, ఆ పనికి పెట్టుకున్నది అని అంతస్తులున్నాయి. అక్కడ అమరికలు జేసన్ ఫైల్లో ఉంటాయి. జేసన్ వట్టి సమాచారం, దానంతట అది ఏదీ చేయదు. దానివల్ల భద్రత ఉంది, అది చిన్న విషయం కాదు. మా ఫైలు ప్రోగ్రాము కనక తప్పుగా రాస్తే ఈమాక్స్ తెరుచుకోకపోయే అవకాశం కూడా ఉంది. అందుకే ఒక అమరిక విఫలమైతే దాన్ని పక్కనపెట్టి మిగతావాటికి పోయేలా రాశాను. ఒక తూము చెడితే కాలవంతా ఆపం కదా.

ఇక శివారు మడి. ‘అందిందా’ అని ఒక ఆజ్ఞ పెట్టాను. అది తెరిచి ఉన్న ఒక్కో రాతలోకీ వెళ్ళి, రాసిన విలువ ఎంత, నిజంగా ఉన్నది ఎంత అని పక్కపక్కన పట్టికలో చూపిస్తుంది. తేడా ఉన్నచోట, ఏ దారిన మారిందో కూడా. ఈమాక్స్‌లో ఒక చలరాశిని ఎవరు ముట్టుకున్నా కబురు చెప్పే కాపలా పెట్టే వీలు 26వ వెర్షన్ నుంచీ ఉంది. దాన్నే వాడుకున్నాను. మొదటిరోజే తేలింది, పదకోశం ఫైలు తెరిచినప్పుడల్లా ఆ రకం రాతకి పనిచేసే ఒక పాకేజీ వరసల ఎడాన్ని మళ్ళీ సున్నాకి తెస్తోందని. అందుకే నాన్న లాప్‌టాప్‌లో ఒత్తులు కింది వరస గుడులకి తగిలేవి. పట్టిక చూసి ఆయన “గుర్రపుడెక్క” అన్నారు. ఆ అమరిక పక్కన కారణంగా అదే కొట్టారు.

*

ఆయన చూపు గురించి చెప్పాలి. రెండేళ్ళ కిందట వరసలు వంకరగా కనిపిస్తున్నాయన్నారు. కళ్ళజోడు మారిస్తే సరిపోతుందనుకున్నారు. వయసుతో వచ్చే మాక్యులర్ డీజెనరేషన్ అని డాక్టరు చెప్పారు. రెటీనా మధ్యలో ఉండే చిన్న భాగం అరిగిపోతుంది. అంచులు కనిపిస్తాయి, మధ్యలో చూడబోయినదే మసకబారుతుంది. నడవగలరు, మనుషుల్ని గుర్తుపట్టడం కష్టం. చదవడం మరీ కష్టం. చదవడమంటే మధ్యతో చూడటమే కదా. ఇంజెక్షన్లు ఇచ్చారు, ఒక కంట్లో కొంత నిలిచింది.

తెలుగు చదివే కంటికి ఇది ఇంకో రకంగా దెబ్బ. ‘క్షేత్రం’ చూడండి. కంటికి రెండక్షరాలు, యూనికోడ్‌కి ఎనిమిది. క, విరామం, ష, ఏత్వం, త, విరామం, ర, సున్నా. తప్పు పడ్డది ఆ ఎనిమిదిలో ఒకటైతే, ఏది తప్పో కనిపెట్టాల్సింది కిందనున్న చిన్న ఒత్తులో. ఈమాక్స్ 29లో ఒక అమరిక వచ్చింది. అది పెట్టుకుంటే కర్సరు ఉన్నచోట అక్షరం ముక్కలుగా విడిపోయి కనిపిస్తుంది, పక్కకి జరగ్గానే మళ్ళీ కలుస్తుంది. మామూలుగా చదివేవాళ్ళకి చిరాకు. నాన్నకి అది భూతద్దం. ‘ఎందుకు: ఒత్తు విప్పి చూసుకోడానికి’ అని ఉంది.

అక్షర పరిమాణం ఉన్న పేజీ ఇప్పుడు పొడుగ్గా ఉంది. పాతవి చెరగవు కనక వరసగా కనిపిస్తాయి. 18, సాయంత్రం దీపం కింద ఒత్తులు కలిసిపోతున్నాయి. 20, పగలు కూడా. 24, క కీ శ కీ తేడా తెలియడం లేదు. 24 అలాగే, నల్లటి తెర మీద పసుపు అక్షరం మేలు. 32, ఎడమ కన్ను మూసి. 40, తెరకి నాలుగు మాటలే పడుతున్నాయి, వాక్యం మొదలు మర్చిపోతున్నాను.

ప్రోగ్రాములో దేన్నీ పారేయకూడదన్నది నేను సాంకేతిక కారణాలతో పెట్టిన నియమం, వెనక్కి వెళ్ళాల్సి వస్తే దారి ఉండాలని. ఈ పేజీ నేను ఎక్కువసార్లు తెరవను. డాక్టరు ఫైల్లో ఉన్నవి అంకెలు. ఇక్కడ ఆయన మాటలున్నాయి, ఆయన చేత్తో కొట్టినవి. ఆయన ఫోన్లో ఎప్పుడూ ‘బానే ఉందమ్మా’ అనే అన్నారు. క కీ శ కీ తేడా తెలియడం లేదని నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఎడిటర్‌కి చెప్పారు, అది అడిగింది కనక.

నేనేదో కనిపెట్టి ఆయన్ని కాపాడానని రాయడానికి ఇక్కడేం లేదు. పరిమాణం పెంచుతూ పోతే ఒక చోట ఆగిపోక తప్పదు. తెర వెడల్పు అంతే. అమరికలు ఎంత బాగా పేర్చినా లేని చూపుని తీసుకురాలేవు. పైనుంచి నీరు లేని ఏడాది ఎంత మంచి లస్కరైనా వంతులు వేయగలడు గానీ నీళ్ళు తేలేడు, ఇది కూడా నాన్న మాటే. దాళ్వాకి నీళ్ళు లేవని చెప్పిన సంవత్సరాల్లో రైతులు మినుము, పెసర చల్లుకునేవాళ్ళు. పంట మార్చుకోవాలి.

మార్చుకున్న పంట ఈమాక్‌స్పీక్. టి. వి. రామన్ అనే ఆయన 1995లో విడుదల చేసిన ఏర్పాటు, ఈమాక్స్‌ని మాట్లాడేలా చేస్తుంది. రామన్‌కి పధ్నాలుగో ఏట చూపు పోయింది. తెర మీదున్న అక్షరాలని గుడ్డిగా చదివిపెట్టే పరికరాలకీ దీనికీ తేడా ఉంది. ఇది ఈమాక్స్ లోపలే ఉంటుంది కనక, చదువుతున్నది శీర్షికా, వాక్యమా, పట్టికలో గడా అన్నది దానికి తెలుసు. ఈమాక్స్‌లో ఉన్న ఆజ్ఞల్ని ముట్టుకోకుండానే, వాటికి పక్కనుంచి మాట నేర్పుతుంది. లిస్ప్‌లో అలా చేయడాన్ని ‘అడ్వైస్’ అంటారు. గొంతుకి ఈస్పీక్ వాడుకోవచ్చు, దానికి తెలుగు వచ్చు. యంత్రం గొంతే. ‘ౘవుడు’ని తాలవ్యంగా చదివితే నాన్న ప్రతిసారీ దిద్దుతారు, అది వినదని తెలిసి కూడా.

కార్డులో ఉన్న అయిదు గడుల్నీ ఒక్కోటి ఒక్కో ఎత్తులో చదివేలా పెట్టాం. మాట పై స్థాయిలో, అర్థం మామూలుగా, ఊరు, మనిషి కింది స్థాయిలో. ఇప్పుడాయన కళ్ళు మూసుకుని కార్డులు సరిచూసుకుంటారు. ఎదురుగా తెర ఆరిపోయి ఉంటుంది. ఇంకా మూడొందల కార్డులదాకా ఎక్కించాల్సినవి ఉన్నాయి. రాత కార్డు చదవడానికి మాత్రం మనిషి కావాలి. ఆదివారాలు నేను ఫోన్లో చదువుతాను, అక్కడ కార్డు ఫొటో తీసి పంపేది అమ్మ. నా ఉచ్చారణ బాగాలేదని అందులోనూ దిద్దుబాట్లే.

పోయిన నెల ఫైల్లో కొత్త అమరిక ఒకటి కనిపించింది. అప్పటిదాకా ఆయన ప్రశ్న వచ్చినప్పుడు కారణం మాత్రం కొట్టేవారు, మిగతాది ఈమాక్స్ రాసుకునేది. ఇది అలా రాలేదు. ఫైలు తెరిచి, వింటూ, బ్రాకెట్టుతో సహా తనే మొదలుపెట్టి తనే మూసిన వాక్యం. ఈస్పీక్ మామూలుగా నిమిషానికి 175 మాటల వేగంతో చదువుతుంది.

(అమరిక చదివే-వేగం
  :విలువ 120
  :ఎవరికి నాన్న
  :ఎక్కడ అన్ని-యంత్రాలు
  :ఎందుకు "లస్కరు గట్టు మీద నిలబడి చెప్పినంత నిదానంగా")

నా యంత్రంలో ‘అందిందా’ నడిపి చూశాను. అన్నిచోట్లా 120.